కల్లుతో కడిగిన పొడి

రంగుల కంపెనీలో పసుపుపచ్చ పొడిని సంచులకెత్తిన రోజు రెండు సీసాల కల్లు తాగితే ఒంట్లో చేరిన విషం కడుక్కుపోతుందని ఇబ్రహీంపట్నం కూలీల నమ్మకం. బట్టలకేసే రంగులకు ఆ పొడే ముడిసరుకు. ఈ వైద్యం ఏ మహానుభావుడు కనిపెట్టాడో గాని, సంతోషమ్మ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేది. ఆ మధ్యాహ్నం మొగుడు ఎల్లేశ్ ఆ పొడి ఎత్తి, తలనొప్పంటూ రావిర్యాలలోని కంపెనీ నుంచి ఇల్లు చేరగానే తన చేత్తోనే ఒక సీసా పోసింది. తగ్గలేదంటే ఇంకోటి పోసింది. గంట తిరక్కముందే అతని పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడ్డాయి.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టినా ఆ నలుపు పోలేదు. సూదితో తీసిన రక్తం కాఫీ డికాషన్ రంగులో ఉంది. అతని చేతులకంటిన పసుపుపచ్చ మరకలు చూసి డాక్టరమ్మ నొసలు చిట్లించింది.

"ఏ పొడి ముట్టిండు? పేరు తెలిస్తేనే సరైన మందు. ఏమన్నా తాగిండా?"

పొడి పేరు సంతోషమ్మకు తెలియదు. తెలిసినవాడు పక్కనే ఉన్నాడు, కూలీలను పనిలో పెట్టే కాంట్రాక్టరు జయపాల్.

"నాకు తెల్వది మేడం," అని, సంతోషమ్మ చెవి దగ్గరికి వంగాడు. "కంపెనీ ముచ్చట తియ్యకు. కల్లు తాగి పడ్డడంటే అయిపాయె."

కల్లు మాటెత్తితే తప్పంతా ఎల్లేశ్ నెత్తిన రుద్దుతారు. ఎత్తకపోతే డాక్టరమ్మ చీకట్లో తడుముకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏం తాగలే," అనేసింది సంతోషమ్మ.

మంచం మీద ఎల్లేశ్‌కు ఎగశ్వాస మొదలైంది. గోళ్లూ నల్లబడుతున్నాయి. ఎవరేమనుకుంటే ఏమి, మనిషి దక్కితే చాలనుకుంది సంతోషమ్మ.

"అబద్ధమాడిన డాక్టరమ్మా! రెండు సీసల కల్లు తాగిండు. నేనే పోసిన, విషం పోతదని."

"పోదు తల్లీ. ఇంక ఎక్కువైతది."

సంతోషమ్మ ఏడవలేదు. జయపాల్ కాలరు పట్టి మంచం దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

"నా మొగనికి నా చేత్తోనే విషం పెంచిన. అందరి ముంగట ఒప్పుకున్న. గిప్పుడు నువ్వు చెప్పన్నా. గా పొడి పేరు చెప్పు!"

జయపాల్ ఎల్లేశ్ పెదవుల వంక చూశాడు.

"పారా... పారా నైట్రో అనిలిన్," అన్నాడు చివరికి.

ఆ విషానికి విరుగుడైన నీలిరంగు ఇంజక్షన్ కోసం నర్సు ఉరికింది. మందు నరంలోకి ఎక్కింది. అరగంటకు ఎల్లేశ్ పెదవుల్లో ఎరుపు తిరిగింది. అప్పటిదాకా సంతోషమ్మ జయపాల్ కాలరు వదల్లేదు.