రెండు కాళ్లు, ఒక ఆకు

కల్లు కోసం తాటిచెట్లెక్కేవాళ్లు కాళ్లకు వేసుకునే బంధాన్ని గుజి అంటారు. అది ఒరుసుకొని కాటమయ్య రెండు పాదాల మీదా పుండ్లు పడ్డాయి. షుగర్‌తో కాళ్లు మొద్దుబారి ఉండడం వల్ల, ఒరుసుకుంటున్న సంగతి ఆయనకు తెలియనే లేదు. నెల దాటినా అవి మానలేదు. నల్గొండలో దవాఖాన డాక్టర్ గోలీలూ పూతమందూ రాసిచ్చి, "రెండు వారాలకు రా. అప్పటికి తగ్గకుంటే కాళ్లు దక్కుడు కష్టం" అన్నాడు.

కూతురు అండాలు ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. నల్గొండలో ఒక కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో పనిచేస్తోంది. మొదటి రోజు కట్టు తనే కట్టింది. మర్నాడు సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తండ్రి మంచం పక్కన మోదుగాకులో పచ్చటి ముద్ద కనిపించింది.

"ఏంది బాపూ గిది?"

"నార్కట్‌పల్లిల ఆకుమందు కట్టే లాల్ బీ ఇచ్చింది. పైసలు తీస్కోదు, ఆకు పేరు చెప్పది. రాత్రి బువ్వ బంద్, కల్లు బంద్ అన్నది. బంద్ చేసిన."

"షుగర్‌కని డాక్టర్ రెండు నెలల సంది అదే చెప్తుండె గద. అప్పుడెందుకు చెయ్యకపోతివి?"

"డాక్టర్ మాట తప్పితే మందేం పాడుగాదు బిడ్డా. లాల్ బీ పథ్యం తప్పితే ఆకు పాడైతది."

ఆ లెక్క అండాలుకు నవ్వు తెప్పించింది గానీ, ఆ ముద్ద మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. చిటికెడు సీసాలో వేసుకొని మర్నాడు మైక్రోస్కోపు కింద పెట్టింది. నలగకుండా మిగిలిన నూగు కనిపించింది. నాలుగైదు రకాల ఆకులు తెచ్చి పోల్చి చూసింది. ల్యాబు గోడ పక్కన మొలిచిన గడ్డిచేమంతితో సరిగ్గా కలిసింది. పొలం గట్ల మీద, బస్టాండు వెనకాల, ఎక్కడపడితే అక్కడ కనిపించే మొక్క. దానికి పుండు మాన్పే గుణం నిజంగా ఉందా?

రెండు పుండ్లూ ఇంచుమించు ఒకే సైజు. ఆ సాయంత్రమే తండ్రితో ఒప్పందం చేసుకుంది. కాచి చల్లార్చిన నీళ్లతో రెండూ కడగాలి. కుడికాలికి ఆకు, ఎడమకాలికి డాక్టర్ మందు. గోలీలు మాత్రం మానొద్దు. సన్నటి ప్లాస్టిక్ కాగితం ఉడకబెట్టి, పుండు మీద పరిచి, పెన్నుతో అంచు గీసేది. దాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టేది. మొదటి లెక్కకు కుడి రెండు వందల పన్నెండు, ఎడమ రెండు వందల ఎనిమిది. కుడికాలు గనక నల్లబడితే ఆ తప్పు తనదే. ఆ భయంతోనే రోజూ కట్టు విప్పేది.

తొమ్మిదోనాటికి కుడి నూట ఇరవై, ఎడమ నూట పద్దెనిమిది. రెండూ ఇంత సమంగా ఎలా తగ్గుతున్నాయో ఆమెకు అంతుపట్టలేదు. పదకొండోనాడు ఎడమకాలి కట్టు లోపలి మడతలో పచ్చటి మరక కనిపించింది.

"బాపూ, దీనికి గూడ ఆకు పెడుతున్నవా?"

కాటమయ్య తల వంచుకున్నాడు. "నువ్వు బస్సెక్కంగనే రెండిటికి ఆకూ, మందూ రెండూ పెడుతున్న. నువ్వొచ్చేలోపు కడిగి మళ్ల అదే కట్టు కడుతున్న. ఎడమకాలు పరాయిదా బిడ్డా? ఒక దానికి పెట్టి ఇంకోదాన్ని సూసుకుంట కూసోవాల్నా?"

అండాలుకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు కాళ్లకూ మళ్లీ కట్టు కట్టి, ఆ రోజు గళ్లు కూడా రాసుకుంది.

పద్నాలుగోనాడు డాక్టర్ పుండ్లు ఒత్తి చూశాడు. అంచుల్లో గులాబీ రంగు చర్మం వస్తోంది. "కాళ్లు దక్కినయ్. షుగర్ గూడ దిగింది. ఏం పెట్టిన్రు?"

అండాలు దాచకుండా అంతా చెప్పింది.

"మరి ఏది పనిచేసింది?"

"తెల్వది సార్. మీ మందో, ఆకో, కల్లు మానుడో. అన్నీ కలిసిపోయినయ్."

"అడగకుండ ఆకులు పెట్టుడు తప్పు. ఈసారి ముందుగాల నాకు చెప్పాలె" అని మందలించాడు డాక్టర్. తర్వాత గళ్ల కాగితాలు తీసుకొని, మొదటి నుంచి ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.

తిరుగు బస్సులో కాటమయ్య కూతురి వైపు తిరిగాడు.

"నా వల్ల నీ లెక్క పాడైంది గదా?"

"పాడైంది."

"నాతోని తాళ్లెక్కే గాలయ్యకు గూడ రెండు కాళ్లకూ గుజి పుండ్లున్నయ్. షుగర్ గూడ ఉన్నదంట. నీ లెక్కకు ఆయన్ని అడగాల్నా?"

"అడుగు. కాని ఆకు పెట్టకముందే డాక్టర్‌కు చూపియ్యాలె. ఒక కాలికే ఆకు ఎందుకో ముందే సమజైతట్టు చెప్పాలె. ఇష్టమైతెనే."

"నేను చెప్త తియ్" అన్నాడు కాటమయ్య. "రెండో కాలు మీద జాలి పడొద్దని గూడ చెప్త."