మెరుగు పెట్టని పసుపు

గదాధర్ డ్రమ్ము మూత బిగించి మోటారు వేశాడు. లోపల పసుపు కొమ్ములు ఒకదానికొకటి రాసుకుంటూ గలగలమన్నాయి. ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకున్నా కనురెప్పల మీద, చెవుల వెనక, గోళ్ల సందుల్లో పసుపే. ఈ ఏడు వానకి తడిసి కొమ్ములన్నీ నల్లబడ్డాయి.

"ఇంకో పిడికెడు వెయ్యవయ్యా! మెరవకపోతే ఎవడు కొంటాడు?" గడప అవతల నుంచే అరిచాడు మిల్లు యజమాని. లోపలికి మాత్రం రాడు, మహానుభావుడు.

గదాధర్ మోటారు ఆపి, మూత తెరిచి, డబ్బాలోంచి రంగుపొడి తీసి వేశాడు. తలుపులకీ బల్లలకీ పూసే రంగు అది. అందులో సీసం ఉంటుందనీ, కడుపుతో ఉన్నవాళ్లు తింటే బిడ్డకి ముప్పనీ ఆరోగ్య కార్యకర్త ఒకామె పోయినేడు చెప్పి వెళ్లింది. అప్పటినుంచి మిల్లు పనివాళ్లు రంగు పడకముందే తమ ఇంటికి కావలసిన కొమ్ములు తీసి దాచుకుంటున్నారు. పాబ్నా ఊరి సంతలో ఈ పసుపు కొనుక్కునేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు.

అతని కూతురు శెఫాలికి ఒక కాన్పు పోయాక నిలిచిన కడుపు ఇది. పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆమె కోసం గదాధర్ మెరుగు పెట్టని కొమ్ములు మూటకట్టి తెచ్చి భార్య సంధ్యారాణికి ఇస్తున్నాడు. పిల్లకి ఇదే వాడమన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. చెబితే తన చేతులు చేసే పని కూడా చెప్పాలి. ఆ సిగ్గే అతని నోరు నొక్కేసింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి శెఫాలి పసుపు వేసిన పాలు తాగుతోంది. పొయ్యి మీద చేపల పులుసు బంగారంలా మెరుస్తోంది.

"ఇదెక్కడి పసుపు?"

"సంతలో కొన్నా," అంది సంధ్యారాణి. "నీ మట్టిముక్కలతో వండితే, పిల్లని దింపడానికి వచ్చిన వియ్యపురాలు కూర చూసి మూతి తిప్పింది. పసుపు మిల్లులో పనిచేసేవాడి ఇంట్లో ఈ కర్మేంటయ్యా?"

గదాధర్ కూతురి చేతిలో గ్లాసు లాక్కుని పెరట్లో పారబోశాడు.

"పిచ్చి పట్టిందా నీకు!"

"సంధ్యా, అందులో విషపు రంగు వేసేది నేనే."

సంధ్యారాణి గరిటె పడేసి పొయ్యి మీది పులుసు దించేసింది. శెఫాలి పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"పొద్దున్నుంచి కదలట్లేదు నాన్నా. నిద్రపోతున్నాడేమో అనుకున్నా."

సాయంత్రం ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఎందుకని అడిగితే, "ఏం చెప్పమంటారు, కొన్నిసార్లు ఇలా అవుతుంది," అంది డాక్టరమ్మ. ఆ మాటతో గదాధర్ గుండె తేలిక పడలేదు. తను నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో ఇక ఎప్పటికీ తెలియదు, అదే అతన్ని తినేస్తోంది.

బిడ్డకి చుట్టడానికి మెత్తటి పాతచీర కావాలన్నారు. ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు. చీర అడుగున అతను తెచ్చిన పసుపు మూటలు ఉన్నాయి, మొదటిది తప్ప అన్నీ వేసిన ముడి వేసినట్టే.