రెండు పెట్టెల షంటింగు

నేలమాళిగలో కట్టుకున్న బొమ్మ రైలుమార్గం మరీ చిన్నదనీ, ఆట అయిదు నిమిషాల్లో అయిపోతోందనీ వెర్లిన్ గొడవ. గోడ పగలగొట్టి పట్టాలు పొడిగిస్తానంటే భార్య ఆర్డిస్ ఒప్పుకోలేదు.

"గోడ మీద సుత్తి పడిందంటే నీ పక్క ఆ పట్టాల మీదే పరుస్తాను," అంది.

ఆ ఉక్రోషంతోనే అతను పికప్పు తీసుకుని ఊరి చివర ధాన్యం గోదాముల దగ్గరికి పోయాడు. పదిహేను మైళ్ళ మార్గం మాత్రమే ఉన్న ఓ చిన్న రైలు కంపెనీ ఇంజను, రెండు సరుకు పెట్టెలు వదిలిపెట్టడానికి అక్కడికి వచ్చి ఆగింది. వెర్లిన్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని గడియారం చూశాడు. పెట్టెల్ని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మార్పించే షంటింగు మనిషి దిగి, తీరిగ్గా నడిచి వెళ్ళి, పట్టాలు చీలే చోట పాయింటు తాళం తీశాడు. ఇంజను పెట్టెల్ని గోదాము పట్టా మీదికి నెట్టాక, ఒక్కోదానికీ ఎక్కి చేతిబ్రేకు బిగించాడు. ఇంజనుకి తగిలించిన కొక్కెం విప్పి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడిచాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

"ఏంటయ్యా ఈ నత్తనడక?" కిటికీలోంచి అరిచాడు వెర్లిన్.

"పట్టాల దగ్గర పరిగెడితే మా ఉద్యోగం ఊడుద్ది, పెద్దాయనా," అని నవ్వాడతను.

ఆ సాయంత్రం ఆర్డిస్ నేలమాళిగలోకి దిగేసరికి బొమ్మ ఇంజను కదలకుండా నిలబడి ఉంది. మొగుడు చేతులు కట్టుకుని ఒకసారి దానికేసీ, ఒకసారి గడియారం కేసీ చూస్తున్నాడు.

"ఏమైంది, పాడైందా?"

"లేదు. నా షంటింగు మనిషి ఇంకా పాయింటు దాకా నడుస్తున్నాడు."

"మరి గోడ?"

"గోడెందుకే? పాపం వీడు నడవడానికి ఉన్నదే ఎక్కువ."