నాలుగు తొమ్మిదుల తర్వాత

ఉదయం ఏడు గంటల నలభై రెండు నిమిషాలు. ఆకాశం నిండా మబ్బు, గాలి పూర్తిగా స్తంభించింది, కిటికీ ఊచకు కట్టిన ఉష్ణమాపకం ఇరవై ఒక్క డిగ్రీలు చూపుతోంది. వాన పడుతుందని రేడియో చెప్పింది; పడలేదు. ఈ వివరాలతో కథకు ఏ అవసరమూ లేదు. అయితే అవసరం లేని వివరాలను వదులుకోలేకపోవడమే నా కథ కాబట్టి వీటిని ఇక్కడే ఉండనిస్తున్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు కళాశాలలో గణితం బోధించి విరమించాను. ఆ మరుసటి ఏడు, చిన్న గ్రంథాలయాలు పుస్తకాల రాకపోకలు రాసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేయడం మొదలుపెట్టాను. దాని పేరు ‘అలమర’. అది ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపలి రాతంతా చదివి, తమకు తగినట్లు మార్చుకోవచ్చు. తెర మీద ఉన్నదాన్ని అది గొంతెత్తి చదువుతుంది కూడా. పదకొండేళ్లలో అది 0.9 నుంచి 0.99కు, అక్కడి నుంచి 0.999కు, చివరికి 0.9999కు ఎదిగింది. సున్నా దశాంశం తర్వాత అంతులేకుండా తొమ్మిదులు వేస్తే అది ఒకటితో సమానమని నేను కొన్ని వేలమందికి రుజువు చేసి చూపాను. ‘అంతులేకుండా’ అన్న షరతును ఆచరణలో పెట్టబోయింది మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఒకటి వచ్చేదాకా అది అధికారికంగా విడుదలైనట్లు కాదు, ముసాయిదాయే. ఆ ఒకటవ వెర్షన్ విడుదల కాకపోవడానికి కారణం ఒక నియమం. ఫిర్యాదుల జాబితాలో ఒక్కటి మిగిలి ఉన్నా విడుదల చేయరాదు. ఆ నియమం రాసింది నేను. ఏ ఫిర్యాదునైనా మూసేటప్పుడు కారణం రాయాలన్నదీ నా నియమమే.

పనివాళ్లం ముగ్గురం. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం నా తోటికోడలు రాస్తుంది; ఆవిడ కోర్టులో టైపిస్టుగా చేసి విరమించింది, మా ఇంటి పై వాటాలోనే ఉంటుంది. మూడో మనిషిని మేమెన్నడూ చూడలేదు. ఎక్కడో ఉండి, ‘చీమ’ అన్న మారుపేరుతో తప్పులు సరిదిద్ది, ‘అయింది’ అని ఒక్క మాట రాసి పోతుంటుంది మా చీమ.

పది గంటల అయిదు నిమిషాలకు వీధి చివరి గ్రంథాలయం నుంచి గ్రంథపాలకురాలు వచ్చింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. మా 0.9999ను నాలుగేళ్లుగా వాడుతోంది. దాని గొంతు విని పుస్తకాలిస్తుంది, తీసుకుంటుంది. గోడను చేత్తో తడుముకుంటూ మా భోజనాల గదిలోకి వచ్చి, బల్ల మీద ఒక ఉత్తరం పెట్టింది.

తోటికోడలు దాన్ని పైకి చదివింది. అధికారికంగా విడుదల కాని సాఫ్ట్‌వేర్‌ను ఈ సాయంత్రం అయిదు దాటాక వాడరాదని గ్రంథాలయ కమిటీ తీర్మానించింది. రేపటి నుంచి మరొకటి పెడతారట. అందులో అన్నీ బొమ్మలే, గొంతు లేదు.

“మరి నువ్వు ఎలా చేస్తావమ్మా పని?” అంది తోటికోడలు.

“చెయ్యను. వెనక గదిలో కూర్చుని పుస్తకాలకు చీటీలు అంటించమన్నారు. ముందు బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారట.” ఆమె నావైపు ముఖం తిప్పింది. “మేడమ్, ఇవాళ విడుదల చేసేస్తారా?”

“ఇంకా పన్నెండు ఫిర్యాదులున్నాయమ్మా,” అన్నాను, పన్నెండు పిడుగులున్నాయన్నంత గంభీరంగా.

తోటికోడలు జాబితాను అచ్చు తీసి తెచ్చింది. టైపిస్టు కదా, కాగితం చేతిలో లేనిదే ఏదీ నమ్మదు. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ పోయి, మధ్యలో ఆగింది.

“అక్కా, ఈ పన్నెండులో పదకొండు మీరు పెట్టినవే.”

“అయితే?”

“అయితే ఏముంది! నేరం మోపింది మీరు, విచారించేది మీరు, వాయిదా వేసేదీ మీరే. మా కోర్టులో కూడా ఇంత వీలు లేదు.”

“పన్నెండోది ఎవరిది?”

“నాది,” అంది గ్రంథపాలకురాలు.

నిజమే. గడువు దాటిన పుస్తకం గురించి చెప్పేటప్పుడు గొంతు తేదీ ఒక్కటే చదువుతోంది, పుస్తకం పేరు చదవడం లేదు. ఇది నాలుగేళ్ల కిందటి ఫిర్యాదు. సరిగ్గా చేయాలంటే గొంతు భాగమంతా తిరగరాయాలని తీర్మానించి, దాన్ని జాబితా అడుగుకు నెట్టింది నేనే. ఆ తర్వాత దాని నెత్తిన నా సొంత ఫిర్యాదులు పేర్చాను: పట్టిక కింది గీత కుడిచివర వెంట్రుకవాసి వంకరగా ఉంది, అంచు రంగు బూడిదకూ నీలానికీ మధ్య తేల్చుకోలేకుండా ఉంది, ఇలాంటివి.

“మరి నాలుగేళ్లూ ఎలా నెట్టుకొచ్చావు?” అన్నాను.

“తేదీ వినేదాన్ని. ఆ తేదీకి ఎవరేం తీసుకెళ్లారో గుర్తు తెచ్చుకునేదాన్ని.”

“మళ్లీ అడగాల్సింది కదమ్మా!”

“అడిగాను మేడమ్. రెండుసార్లు. ‘జాబితాలో ఉంది’ అని జవాబొచ్చింది.”

ఆ జవాబు పంపిందెవరో తోటికోడలు అడగలేదు. కళ్లద్దాలు తుడుచుకుంది. అది అడగడం కన్నా అధ్వాన్నంగా ఉంది.

చీమకు సందేశం పంపాను. ఇంతకాలం దీన్నెందుకు ముట్టుకోలేదని, తప్పంతా తనదే అయినట్లు అడిగాను కూడా. జవాబు వెంటనే వచ్చింది: “పైనుంచి చేసుకురమ్మన్నారు. పైనంతా మీవే ఉన్నాయి.” నలభై నిమిషాల తర్వాత మరొకటి: “అయింది.” తిరగరాసింది ఏమీ లేదు, మూడు వాక్యాలు చేర్చింది, అంతే.

గ్రంథపాలకురాలు మా కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కింది. గొంతు ఒక పుస్తకం పేరు చెప్పి, తేదీ చెప్పింది. ఆమె మళ్లీ నొక్కింది. మూడోసారి కూడా నొక్కింది. అప్పటికి నేను గది వదిలి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతున్నాను.

ఇంత జరిగాక ఎవరైనా బాగుపడతారు. నేను మిగిలిన పదకొండింటిని పట్టుకుని కూర్చున్నాను. అయిదింటిలోగా అన్నిటినీ సరిచేసి చూపిస్తానన్నది నా ధీమా. రెండు సరిచేశాను. వాటిని సరిచేస్తుండగా కొత్తవి మూడు కనిపించాయి, నమోదు చేశాను. మూడు గంటల పది నిమిషాలకు మొదటి తెర మీద 0.9999 చెరిపి 1.0 వేసి చూసుకున్నాను. పొడవాటి సంఖ్యకు అలవాటుపడ్డ ఆ గడిలో ఇప్పుడు కుడివైపు చాలా ఖాళీ కనిపించింది. అది కూడా నమోదు చేశాను.

“ఎన్నున్నాయి?” అంది తోటికోడలు.

“పదమూడు.”

“పొద్దున పన్నెండు కదా?”

“ఒకటి చీమ తీర్చింది, రెండు నేను తీర్చాను. నాలుగు కొత్తవి.”

“లెక్కల మేడమ్ కదా, మీరే చెప్పండి. ఈ వేగంతో సున్నాకు ఎప్పుడు చేరతాం?”

చేరం. అది నాకు తెలుసు.

“ఆ గడిలో ఖాళీ అన్నారుగా. ఇంకో నాలుగు తొమ్మిదులు వేసేద్దాం, నిండిపోతుంది,” అని కూడా అంది.

నాకు కోపం వచ్చింది. అది న్యాయమైన మాట కావడంతో ఇంకా ఎక్కువ వచ్చింది. “ఆ గీత సంగతి నీకేం తెలుసు? తెర తెరవగానే ముందు అదే కనిపిస్తుంది. ఒకటవ వెర్షన్ అని పేరు పెట్టి, వంకర గీతతో జనం ముందుకు ఎలా పంపను?”

గ్రంథపాలకురాలు పొద్దుటి నుంచీ కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. అప్పుడు మెల్లగా అంది:

“గీత వంకరగా ఉందా మేడమ్? నాకు నాలుగేళ్లుగా తిన్నగానే వినబడుతోందే.”

తోటికోడలు ముందు నవ్వింది. తర్వాత ఆమె నవ్వింది. నేను నవ్వడానికి కొంత సమయం పట్టింది. నవ్వుతూ ఉండగానే గడియారం చూశాను. నాలుగు గంటల నాలుగు నిమిషాలు. ఈమె బల్ల పోవడానికి ఇంకా యాభై ఆరు నిమిషాలున్నాయి. ఆ బల్లకూ ఈమెకూ మధ్య ఉన్న అడ్డు కమిటీ కాదు, నేను.

నియమాన్ని మార్చడానికి మనసొప్పలేదు. అందుకే నియమం ప్రకారమే నడుచుకున్నాను. పదమూడు ఫిర్యాదులనూ ఒక్కొక్కటిగా తెరిచి మూశాను. కారణం అడిగిన ప్రతిచోటా ఒకే మాట రాశాను: ‘ఫిర్యాదీ చాదస్తం.’ గీత దగ్గర మాత్రం వేలు ఆగింది. తోటికోడలు వెనక నుంచి, “తీర్పు చదవండి, కోర్టు లేచే వేళయింది,” అంది. మూసేశాను.

నాలుగు గంటల నలభై ఒక్క నిమిషానికి ‘అలమర’ 1.0 విడుదలైంది. చీమ ‘అయింది’ అని రాసి, పదకొండేళ్లలో మొదటిసారి ఆ మాట పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెట్టింది. గ్రంథపాలకురాలు కమిటీ కార్యదర్శికి ఫోన్ చేసింది. “చూశాను, ఉంచుకోండి,” అన్నాడాయన. ఆమె ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, ఎప్పటిలాగే సాయంత్రం ఆరు గంటలకు గ్రంథాలయం తెరవాలంటూ వెళ్లిపోయింది.

తొమ్మిదేళ్ల తర్వాత ఆమె ఆ ముందు బల్ల దగ్గరి నుంచే ఉద్యోగ విరమణ చేసింది. అప్పటికి ‘అలమర’ 3.2కు చేరింది, నూట పధ్నాలుగు గ్రంథాలయాల్లో నడుస్తోంది, కింది గీత కుడిచివర వెంట్రుకవాసి వంకరగా ఉంది.