కొంచెం కొంచెంగా

నేను ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని. నాతో పుట్టినవాటిలో చాలా గొట్టాలు ఆస్పత్రుల్లో మనుషులకి సెలైన్ ఎక్కిస్తున్నాయట. నన్నేమో విశాఖపట్నంలో చేపల తొట్టెలమ్మే దుకాణంలో అలివేలు కొనుక్కుంది. అంత గొప్ప వంశంలో పుట్టి చేపలకి నీళ్ళు పోయడమేమిటని మొదట్లో నాకు నామోషీగానే ఉండేది.

అది మామూలు తొట్టె కాదు, ఉప్పునీటి తొట్టె. లోపల రాళ్ళమీద పగడాలు, వాటి మధ్య నారింజరంగు చారల చేపల జంట. పగడమంటే ఉంగరంలో పొదిగేదే అనుకునేదాన్ని. ఇవి బతికున్నవి. హాయిగా ఉంటే పువ్వుల్లా విచ్చుకుంటాయి, చిరాకేస్తే ముడుచుకుపోతాయి. బొటనవేలంత ముక్కని తెచ్చి అలివేలు అరచేయంత పెంచింది. ఆ ఇంట్లో ఆవిడ తన సొంతమనుకున్నది ఆ తొట్టె ఒక్కటే.

ప్రతి ఆదివారం చిన్న బకెట్టుడు పాతనీళ్ళు తీసేసేది. ముందురోజే ఉప్పు కలిపి, గోరువెచ్చగా ఉంచిన కొత్తనీళ్ళు నాలోంచి వదిలేది. ధార పడకుండా నాకొక ముడి వేసేది. పసిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు చుక్కచుక్కగా పడేవి. పగడాలకి నీళ్ళు మారిన సంగతే తెలిసేది కాదు.

"సముద్రం పక్కన పెట్టుకుని ఉప్పు కొనుక్కోవడమేంటే, చాదస్తం కాకపోతే!" అనేవాడు భర్త జగన్నాథం, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"బోట్ల డీజిలు కలిసిన రేవు నీళ్ళు వాటికి పడవండీ. అయినా ఏ నీళ్ళయినా కొంచెం కొంచెంగానే పోయాలి," అనేది ఆవిడ. వారం వారం అదే మాట. ఆయన ఊఁ కొట్టేవాడు. మగవాళ్ళు ఊఁ కొడితే విన్నట్టని నేనూ నమ్మాను.

అక్క కూతురి సీమంతానికి అలివేలు అనకాపల్లి వెళ్ళిన రోజున జగన్నాథం పైఆఫీసరు టీకి వస్తానన్నాడు. తొట్టె అద్దానికి కాస్త పాచి పట్టింది. ఈయనకి తల కొట్టేసినట్టయింది. కార్లో క్యాన్లు వేసుకుని బోట్లు ఆగే రేవుకి పోయి నీళ్ళు పట్టుకొచ్చాడు. పాత పంచెలో వడకట్టి, తొట్టెలోవి దాదాపు అన్నీ మగ్గుతో తోడేసి, బకెట్లకి బకెట్లు కుమ్మరించాడు. నేను మేకుకి వేలాడుతూ చూస్తున్నాను. ఒళ్ళు మండిపోయింది.

"అబ్బ, నీళ్ళు అద్దంలా ఉన్నాయండీ!" అన్నాడు ఆఫీసరు.

"అచ్చమైన సముద్రం నీళ్ళు సార్!" అన్నాడు జగన్నాథం, పొంగిపోతూ.

పగడాలు అప్పటికే ముడుచుకుపోయాయి. చేపలు రెండూ ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"చూడండి, మనల్ని చూసి పలకరిస్తున్నాయి," అని ఆఫీసరు మురిసిపోయాడు. ఇద్దరూ బిస్కెట్లు తిన్నారు.

సాయంత్రం అలివేలు వచ్చింది. భుజాన సంచి దించకుండానే తొట్టె దగ్గర నిలబడిపోయింది.

"ఏం పోశారు?"

"సముద్రం నీళ్ళే కదే! అవి పుట్టింది అందులోనేగా?"

ఆవిడ గబగబా ఉప్పు కలిపింది, నీళ్ళు వెచ్చబెట్టింది, నన్ను మేకునుంచి తీసి ముడి వేసింది. ఆ తొందరలో ముడి సరిగా పడలేదు. నేను చేతనైనంత మెల్లగా వదిలాను. ఒక చేప వెల్లకిలా తేలింది. కాసేపటికి రెండోదీ తేలింది. పగడాలు మళ్ళీ విచ్చుకోలేదు.

"ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నానండీ," అంది అలివేలు. "ఒక్కసారి వింటే సరిపోయేది."

ఆ తర్వాత ఆ తొట్టె గురించి ఆవిడ నోరెత్తలేదు. జగన్నాథమే దాన్ని బాల్కనీలో పెట్టించి, మట్టి నింపి, మనీప్లాంటు నాటాడు. ఇప్పుడు ఆదివారం పూట పేపరు పక్కన పడేసి, నాకు ముడి వేసి, ఆ మొక్కకి చుక్కచుక్కగా నీళ్ళు పోస్తాడు. ఎంతో ఓపిగ్గా, ధార పడకుండా పోస్తాడు. అలివేలు బట్టలారేయడానికి అటే వస్తుంది, చూడకుండానే వెళ్ళిపోతుంది.

మనీప్లాంటుకి చెంబుడు నీళ్ళు ఒక్కసారి గుమ్మరించినా ఏమీ కాదు.