చీటీలో రాని పేరు

మైపాడులో పాతికేళ్ళు దాటిన వాళ్ళలో సగం మందికి బొడ్డు కోసింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, కావాలంటే వాళ్ళ అమ్మల్ని అడగండి. 108 బండి వచ్చాక కాన్పులన్నీ ఆసుపత్రులకు పోయాయి. పోనీ, మంచిదే. అయినా కడుపుతో ఉన్న ప్రతి పిల్లా ఒకసారి మా వసారాలో కూర్చుని, "ప్రేమలీలమ్మా, చెయ్యి పెట్టి చూడు" అని అడిగి పోయేది. బిడ్డ అడ్డం తిరిగిందని నేనంటే, స్కానింగులోనూ అదే వచ్చేది.

అట్లాంటి నాకు దొరికిన కోడలు కెజియా. జువ్వలదిన్నె పిల్ల. దానికి ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముణ్ణి కంటూ వాళ్ళమ్మ చనిపోయింది. ఇంట్లోనే కాన్పు, ఎవరో మంత్రసాని చేసింది. తల్లి లేదు కాబట్టి తొలి కాన్పు బాధ్యత మాదే అని మాట్లాడుకున్నాం. నాకు లోలోపల ఎంత సంబరమో. ఊరందరి బిడ్డలూ అయ్యారు, ఇప్పుడు నా మనవడు నా చేతుల్లోకి రాబోతున్నాడు.

మూడో నెల పడగానే నా కొడుకు టైటస్ నసుగుతూ వచ్చాడు. రొయ్యల హేచరీలో పది మంది మీద కేకలేసే మనిషి, నా ముందు మాత్రం పిల్లి.

"అమ్మా, కెజియా నెల్లూరులో సుభాషిణి డాక్టరమ్మ దగ్గర చూపించుకుంటానంటా ఉండాది."

"నేనుండగా నెల్లూరెందుకురా? నెల నెలా నేను చూస్తా. కాన్పు టైముకి ఇందుకూరుపేట ఆసుపత్రికి పోదాం, పక్కన నేనుంటా."

తలుపు చాటు నుంచి కెజియా అంది. "మా అమ్మ పక్కన కూడా ఒకామె ఉండింది అత్తా."

చెంప మీద కొట్టినట్టయింది. ఎవతో చేతగానిది చేసిన పనికి నన్నూ దాంతో ఒకే గాటన కట్టేసింది.

మా ఇంట్లో ఏ పెద్ద విషయమైనా చీటీలు వేసి తేల్చుకుంటాం. ప్రార్థన చేసి, చీటీలు బైబిల్లో పెట్టి, ఒకటి తీస్తాం. ఏది వస్తే అదే దేవుడి మాట. ఇల్లు కట్టింది అట్లాగే, కెజియా సంబంధం ఖాయం చేసింది కూడా అట్లాగే. ఆ ఆదివారం టైటస్ రెండు చీటీలు రాశాడు. ఒకదాంట్లో డాక్టరమ్మ పేరు, ఒకదాంట్లో నా పేరు. నేనే ప్రార్థన చేశాను. నా పేరే వస్తుందని నాకు ఏ అనుమానమూ లేదు. ఇన్నేళ్ళు నా చేతుల్ని వాడుకున్న దేవుడు సొంత మనవడి దగ్గర మాట తప్పుతాడా?

కెజియా తీసింది. డాక్టరమ్మ వచ్చింది.

ఓడిపోవడం సరే, ఆ పిల్ల నవ్విన నవ్వే నన్ను మండించింది. ప్రాణం దక్కినట్టు నవ్వింది. "దేవుడే చెప్పినాడు గదా అత్తా," అంది. అవును, చెప్పాడు. ఇంక నేనెందుకు నోరెత్తాలి అనుకున్నాను. ఆ రోజు నుంచి అదే పట్టుకుని కూర్చున్నాను.

మొదటిసారి నెల్లూరు పోయి రాగానే ఇంకొకటి మోసుకొచ్చింది. "పొట్ట ఎవురి చేతా పట్టించుకోవద్దని చెప్పింది అత్తా డాక్టరమ్మ." ఎవురి చేతా అంటే ఎవరో నాకు తెలియదా? ఊళ్ళో ఆడవాళ్ళకు ఈ సంగతి రెండు రోజుల్లో చేరింది. వసారాలోకి రావడం తగ్గించారు. సొంత కోడలే నమ్మనిదాన్ని మనమేం నమ్ముతాం అని వాళ్ళు అనుకుని ఉంటారు. వాళ్ళ తప్పేముంది?

ఎనిమిది నెలలు నిండాయి. గురువారం పొద్దున కెజియా సబ్బు నురగతో చెయ్యి రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది. పెళ్ళి ఉంగరం ఊడి రావడం లేదు. వేలు ఉబ్బి, ఉంగరం లోపలికి దిగబడింది. నేను దారం తెచ్చి వేలికి బిగించి చుట్టి, మెల్లగా విప్పుతూ ఉంగరాన్ని బయటికి లాగాను. ఆ పావు గంటలో నేను చూడాల్సిందంతా చూశాను. మొహం నీరు పట్టింది. కళ్ళ కింద సంచులు. చెప్పులు పట్టని పాదాలు. నొక్కి చూడాల్సిన పని కూడా లేదు. ఇట్లా ఉబ్బిన వాళ్ళలో ఫిట్స్ వచ్చి చనిపోయిన ఇద్దర్ని నేను నా కళ్ళతో చూశాను.

"ఇట్టా ఉబ్బడం మామూలేనా అత్తా?"

అడిగింది. చూశారా, అడిగింది. ఆరు నెలల్లో నన్ను అడిగిన మొదటి మాట అది. "లే, ఆటో పిలిపిస్తా, ఇప్పుడే నెల్లూరికి పోదాం పద" అంటే సరిపోయేది. దానికి బదులు దారం ఉండ చుట్టుకుంటూ అన్నాను.

"నన్నడుగుతావేంది? మీ డాక్టరమ్మ ఉండాది గదా. సోమారం ఎట్లాగూ పోతావు, ఆమెనే అడుగు."

నాకు తెలుసు, ఆ పిల్ల దాన్ని ఎట్లా తీసుకుంటుందో. సోమవారం దాకా ఆగొచ్చన్నమాట, తొందరేం లేదన్నమాట. నేను ఊరికే నోరు మూసుకోలేదు, భరోసా ఇచ్చి పంపించాను. హాయిగా వెళ్ళి పడుకుంది.

శుక్రవారం తలనొప్పి అంది. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నట్టు ఉందంది. నేను చేపలు కడుగుతున్నాను. తల ఎత్తలేదు. సోమవారం డాక్టరమ్మ చూసి అదిరిపడుతుంది, ఇంత దాకా ఎందుకు రాలేదని తిడుతుంది, ఆ తిట్లు తిని ఈ పిల్ల నా దగ్గరికి వచ్చి ఏడుస్తుంది. నేను కోరుకున్నది అదే. బిడ్డ చావాలని నేను కోరుకోలేదు. మీరు నమ్మకపోయినా సరే.

శనివారం పొద్దున ఇడ్లీ తింటూ తింటూ పక్కకు ఒరిగింది. దవడ బిగిసి, చేతులు కొట్టుకున్నాయి. అప్పుడు మాత్రం నా చేతులు అవంతట అవే పనిచేశాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాను, నాలుక కొరుక్కోకుండా చూశాను, ఎదురింటి రషీదాని కేకేసి బండి పిలిపించాను. నెల్లూరు దాకా దారి పొడవునా దాని తల నా ఒళ్ళోనే ఉంది. టైటస్ హేచరీ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చేశాడు.

కెజియా బతికింది. బిడ్డ బతకలేదు. మగబిడ్డ. గుడ్డలో చుట్టి ఇచ్చారు. నా చేతుల్లోకే ఇచ్చారు.

డాక్టరమ్మ బయటికి వచ్చి, "తలనొప్పి వస్తే, వాపు వస్తే వెంటనే రమ్మని ప్రతిసారీ చెప్పాను. రెండు రోజుల ముందు వచ్చుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ చూసుకోలేదా?" అని అడిగింది.

టైటస్ ఆమె మీదికి పోయాడు. "మా అమ్మ ఇంట్లోనే ఉండాది! కాన్పులు చేసిన మనిషి! ఆమె చెయ్యి వేసుంటే ఇట్టా అయ్యేదా? పొట్ట ఎవురి చేతా పట్టించుకోవద్దని చెప్పింది నువ్వే గదా!" అని హాలంతా వినపడేలా అరిచాడు. ఆమె నా వైపు చూసింది. నేను గుడ్డలో ఉన్న బిడ్డ వైపు చూశాను.

ఊరంతా డాక్టరమ్మనే తిట్టింది. చర్చిలో ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని, నీ మాట విని ఉంటే ఎంత బాగుండేది అని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. వసారా మళ్ళీ నిండింది.

కెజియా అందరికంటే ఎక్కువ మారిపోయింది. "నా గర్వమే నా బిడ్డను మింగింది అత్తా," అంటుంది. అన్నం నాకు పెట్టాకే తాను తింటుంది. ఒక్కసారైనా ఆ గురువారం మాట ఎత్తుతుందని నేను చాలా రోజులు భయపడ్డాను. ఎత్తలేదు. మర్చిపోయింది అనుకోను. నా మాటలో తప్పుంటుందని దానికి తోచలేదు, అంతే.

నిన్న కెజియా జువ్వలదిన్నె నుంచి తన పిన్ని కూతురు ఏంజెలిన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఏంజెలిన్‌కి నాలుగో నెల, తొలి చూలు. నెల్లూరులో ఎవరికి చూపించాలా అని వాళ్ళింట్లో గొడవ పడుతున్నారట.

కెజియా దాన్ని నా మంచం మీద కూర్చోబెట్టి చెప్పింది. "మా అత్త ఎవుర్ని చూపిస్తే వాళ్ళకాడికే పో. ఆ సుభాషిణి గడప మాత్రం తొక్కబాక. నేను తొక్కి ఏమైపోయినానో చూసినావు గదా." తర్వాత నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండత్తా," అంది.

ఆ డాక్టరమ్మ తప్పేమీ లేదు, నెల్లూరులో ఆమె అంత జాగ్రత్తగా చూసేవాళ్ళు తక్కువ అని నాకు తెలుసు. ఏంజెలిన్ పాదాలకు వాపు లేకపోయినా, మొహం పాలిపోయి ఉంది, రక్తం తక్కువ. మంచి డాక్టరు చూడాల్సిన పిల్ల. ఇద్దరూ నా నోటి వంక చూస్తున్నారు.

"వద్దులేమ్మా, ఆమె దగ్గరికి పోవద్దు," అన్నాను.

కెజియా నా చెయ్యి తీసి కళ్ళకద్దుకుంది.