ఎడమ చెయ్యి నాది

మా ఆయనకి ఎడమ చెయ్యి పడిపోయి రెండేళ్లయింది. స్నానం చేయించడం, బొత్తాలు పెట్టడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ నావే. పగలంతా కర్టెన్ల దుకాణంలో మిషన్ కుడతాను. ఇవి చాలవన్నట్టు, ఇప్పుడు ఆయనతో కలిసి గిటార్ కూడా వాయించాలట!

నలభై ఏళ్ల కిందట మా ఆయన, ఒక డ్రమ్మర్, బేస్ గిటార్ వాయిస్తూ పాడే ఇంకొకాయన కలిసి కాళ్లాడించే ఊపున్న ఒక ఫంక్ రాక్ ఆల్బమ్ చేశారు. పేరు ‘చెమట చొక్కా’. అందులో మా ఆయన వాయింపు విని గిటార్ పట్టినవాళ్లు కోకొల్లలు. ఇప్పటికీ ఎవరో ఒకరు తలుపు కొట్టి, “మొదటి పాట మధ్యలో అలా ఎలా ఆపారు సార్?” అని అడుగుతారు. ఆయన చెబుతాడు. టీ పెట్టేది నేను.

ఆ వాయింపులో కుడి చెయ్యి అసలు ఆగదు. తీగల మీద పైకీ కిందికీ గీరుతూనే ఉంటుంది. ఎడమచేతి వేళ్లు గట్టిగా నొక్కితే స్వరం మోగుతుంది, తేలిక చేస్తే ఉత్త చికచిక. మొదటి పాట మధ్యలో నాలుగు బీట్ల పాటు స్వరాన్ని అలా చంపేస్తాడు. ఆ నాలుగు బీట్లతోనే ఆయనకి పేరొచ్చింది.

ఆ ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేస్తున్నారనీ, హాల్లో ముగ్గురూ వాయించాలనీ డ్రమ్మర్ ఫోన్ చేశాడు. “గిటార్‌కి వేరే అతన్ని చూశాం వదినా. అన్నయ్య ముందు వరసలో కూర్చుంటే చాలు,” అన్నాడు. మా ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు, “కుడి చెయ్యి బాగానే ఉంది కదే. నీ ఎడమ చెయ్యి ఇవ్వు,” అన్నాడు.

నెల రోజులు నా తల ప్రాణం తోకకొచ్చింది. వేళ్లు బొబ్బలెక్కాయి. ఏ స్వరానికి ఏ తీగలు నొక్కాలో ఆ పట్లు నేర్చుకున్నాను గానీ ఆ నాలుగు బీట్లూ రాలేదు. “వేళ్లు ఎత్తవే! చెక్కతో చేశారా ఏంటి?” అని రోజూ అరుపులే. ఆయన పట్టు పట్టడంతో డ్రమ్మర్, బేస్ ఆయన ఆదివారం వచ్చి వింటామన్నారు. బాగుంటే హాల్లో ఆయనే, లేకపోతే ఆ వేరే అతను.

ఆదివారం వచ్చారు. డ్రమ్మర్ భోజనాల బల్ల మీదే కర్రలతో మొదలుపెట్టాడు. నేను మా ఆయనకి ఎడమ పక్క ఆనుకుని కూర్చున్నాను. బాగానే సాగింది. ఆ చోటు వచ్చింది. నా వేళ్లు లేవలేదు. స్వరం మోగుతూనే పోయింది.

డ్రమ్మర్ కర్రలు దించాడు. “అసలు చోటు అదే కదా వదినా! జనం వచ్చేదే దానికోసం. ఏమనుకోకు, అతన్నే పిలుస్తాం.”

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు, నా వేళ్ల మీద.

“రాక కాదండీ,” అన్నాను మా ఆయనతో. “మీకు చెయ్యి పడిపోయిన రోజు మీరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ, ‘వింటున్నాలెండి, చెప్పండి’ అంటూనే ఉన్నాను. పావుగంట తర్వాత వచ్చి చూస్తే మీరు నేల మీద పడి ఉన్నారు. వేళ్లు ఎత్తి స్వరం ఆపుదామంటే అదే గుర్తొస్తోంది. భయమేస్తోంది.”

నెల రోజులుగా అరిచిన మనిషి నా వేళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

“అక్కడ ఆపొద్దు. మోగనివ్వండి,” అన్నాడు చివరికి.

“రికార్డులో అలా లేదు కదా అన్నయ్యా?”

“రికార్డప్పుడు నాకు రెండు చేతులూ ఉన్నాయిరా. ఇప్పుడు ఎడమ చెయ్యి ఇదే. ఇది ఎలా వెళ్తే పాట అలా వెళ్తుంది. నచ్చకపోతే అతన్నే పిలుచుకోండి.”

బేస్ ఆయన ముసిముసిగా నవ్వాడు. డ్రమ్మర్ కాసేపు మొహం మాడ్చుకుని, కర్రలు అందుకున్నాడు. “అయితే హాల్లో అన్నయ్య పక్కన ఇంకో కుర్చీ వేయించాలన్నమాట.”

అంతే, నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

“ఏడుపు తర్వాతే. ముందు వేళ్లు నొక్కు,” అన్నాడు మా ఆయన.